రాత్రి బ్యాకప్ ఆగిపోయినప్పుడు: ఫైళ్ళ బదిలీ కనెక్షన్‌లో లోపాన్ని ఎలా పట్టుకోవాలి

ప్రతి రాత్రి తనంతట తాను నడవవలసిన బ్యాకప్ స్క్రిప్ట్, ఫైళ్ళను అవతలి సర్వర్‌కు చేర్చకుండానే ఆగిపోయిందని ఒక ఉదయం మీకు తెలుస్తుంది. అప్పుడు చాలామంది చేసే పనులు మూడు: పాస్‌వర్డ్ మార్చడం, ఫైర్‌వాల్‌ను కాసేపు ఆపి చూడడం, లేదా స్క్రిప్ట్‌ను చేత్తో ఒకసారి నడిపి, అది సజావుగా పూర్తయితే నెట్‌వర్క్‌లో ఏదో వచ్చి పోయిందనుకొని వదిలేయడం. ఈ మూడింటిలో ఏదీ వెంటనే చేయవద్దు. ఒక ఫైలు అవతలికి చేరాలంటే సర్వర్ పేరు చిరునామాగా మారాలి, పోర్టు (సర్వర్‌లో ఒక్కొక్క సర్వీసుకు ఉండే అంకె గల తలుపు) అందాలి, ఎన్‌క్రిప్షన్ విషయంలో రెండు వైపులా ఒప్పందం కుదరాలి, లాగిన్ జరగాలి, డేటా ప్రవహించాలి, అవతలి డిస్క్ మీద అది రాయబడాలి. వీటిలో ఏ దశలో తెగిందో తేలేవరకు ఏ సెట్టింగునూ ముట్టుకోకండి, ఎందుకంటే మీరు చేసే ప్రతి మార్పూ నిన్న రాత్రి పరిస్థితిని చెరిపివేస్తుంది, ఆ తరువాత మిగిలేది ఊహ మాత్రమే.

ఇక్కడ చెప్పేదంతా లినక్స్ వంటి వ్యవస్థ మీద, చెప్పిన సమయానికి పనులను మొదలుపెట్టే క్రాన్ ద్వారా నడుస్తూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్షన్‌తో అవతలి యంత్రంలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ఇందులోదే), ఆర్‌సింక్, కర్ల్ వంటి బదిలీ పనిముట్లతో ఫైళ్ళను పంపే స్క్రిప్ట్‌లను దృష్టిలో పెట్టుకొని రాసినది.

మొదటి అడుగు: స్క్రిప్ట్ చేత మాట్లాడించండి

లాగ్ ఫైలులో "బ్యాకప్ విఫలమైంది" అన్న ఒక్క వాక్యం మాత్రమే ఉంటే దానివల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. ప్రతి బదిలీ కమాండ్‌కు ముందూ తరువాతా తేదీతో సహా సమయాన్ని రాయించండి, ఆ కమాండ్ ఇచ్చిన ఎగ్జిట్ కోడ్‌ను (ముగిసేటప్పుడు ఫలితాన్ని తెలిపే అంకెను) మరొక కమాండ్ నడవక ముందే ఒక వేరియబుల్‌లో భద్రపరచి లాగ్‌లోకి ఎక్కించండి, ఎర్రర్ సందేశాలు మామూలు అవుట్‌పుట్‌తో పాటు అదే ఫైలులోకి చేరేలా మళ్ళించండి. పాస్‌వర్డ్‌లు లాగ్‌లోకి పొరబాటున కూడా జారిపోకుండా చూసుకోండి. కమాండ్ లైన్‌లోనే పాస్‌వర్డ్ రాసే అలవాటు ఉంటే దాన్ని ఈ సందర్భంలోనే మానుకోవడం మంచిది.

ఒకదాని అవుట్‌పుట్ నేరుగా మరొకదానిలోకి వెళ్ళేలా పైపుతో కలిపిన కమాండ్‌ల దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఫోల్డర్‌ను టార్‌తో మూటకట్టి నేరుగా ఎస్‌ఎస్‌హెచ్‌లోకి పంపే వరుసలో, కమాండ్‌లను నడిపే షెల్ మీకు తిరిగి ఇచ్చేది చివరి కమాండ్ ఫలితాన్ని మాత్రమే. టార్ మధ్యలో కూలిపోయినా, అంతవరకు వచ్చిన ముక్కను ఎస్‌ఎస్‌హెచ్ బుద్ధిగా అవతలికి చేర్చి సున్నా అని చెబుతుంది, అంటే విజయం అని. బ్యాష్ అనే షెల్‌లో, వరుసలో ఏది విఫలమైనా వైఫల్యమనే చెప్పించే పైప్‌ఫెయిల్ అనే ఎంపికను స్క్రిప్ట్ మొదట్లోనే ఆన్ చేస్తే ఈ మోసం ఆగుతుంది. బ్యాకప్ సవ్యంగా జరుగుతోందని నెలల తరబడి నమ్మించి, అవసరం వచ్చిన రోజున సగం ఫైలు చేతిలో పెట్టే లోపం ఇదే కాబట్టి, కనెక్షన్ సమస్య లేకపోయినా దీన్ని సరిచేయండి.

ఎగ్జిట్ కోడ్ చేతికి వచ్చాక సగం దారి తెలిసినట్టే. ఎస్‌ఎస్‌హెచ్ 255 ఇస్తే సాధారణంగా కనెక్షన్‌లోనో లాగిన్‌లోనో లోపం ఉందని అర్థం. మరే అంకె వచ్చినా అది అవతలి సర్వర్ మీద నడిచిన కమాండ్ ఇచ్చినది, అంటే కనెక్షన్ బాగానే ఉన్నట్టు. కర్ల్ విషయంలో 6 అంటే సర్వర్ పేరు చిరునామాగా మారలేదు, 7 అంటే చిరునామా తెలిసింది కానీ కనెక్షన్ కుదరలేదు, 28 అంటే గడువు దాటింది, 60 అంటే సర్వర్ సర్టిఫికెట్‌ను నమ్మలేకపోయింది, 67 అంటే యూజర్ పేరును గానీ పాస్‌వర్డ్‌ను గానీ సర్వర్ తిరస్కరించింది. ఆర్‌సింక్‌లో 30 గడువు దాటడాన్ని, 23 కొన్ని ఫైళ్ళు మాత్రమే చేరకపోవడాన్ని సూచిస్తాయి. 24 వస్తే కంగారు పడవలసిన పని లేదు, పంపవలసిన జాబితా తయారయ్యాక కొన్ని ఫైళ్ళు ఇక్కడే మాయమయ్యాయని మాత్రమే దాని అర్థం. తాత్కాలిక ఫైళ్ళు పుట్టి పోతుండే ఫోల్డర్లలో ఇది సహజం. 12 మాత్రం గందరగోళపు అంకె, అవతలి వైపు ఏదో హఠాత్తుగా ఆగిపోయిందని మించి అది ఏమీ చెప్పదు, కాబట్టి దానికి పైన ఉన్న రెండు మూడు లాగ్ వరుసలను చదవండి. అవతలి సర్వర్‌లో ఆర్‌సింక్ ఇన్‌స్టాల్ కాకపోవడం, డిస్క్ నిండిపోవడం వంటి కారణాలు సాధారణంగా అక్కడే బయటపడతాయి.

రెండవ అడుగు: క్రాన్ కళ్ళతో చూడండి

"చేత్తో నడిపితే పనిచేస్తుంది, రాత్రి మాత్రం పనిచేయదు" అన్న ఫిర్యాదుకు మూలం నెట్‌వర్క్‌లో కంటే క్రాన్ పరిసరంలోనే ఎక్కువగా దొరుకుతుందని నా అనుభవం. మీరు టెర్మినల్ తెరిచి లాగిన్ అయినప్పుడు మీ షెల్ ఎన్నో వేరియబుల్స్‌ను సిద్ధం చేసుకుంటుంది. క్రాన్‌కు అవేవీ ఉండవు. కమాండ్‌లను వెతికే పాత్ చాలా చిన్నదిగా ఉంటుంది, షెల్ బ్యాష్ కాకుండా సాదా ఎస్‌హెచ్ అవుతుంది, పాస్‌వర్డ్‌కు బదులు లాగిన్‌కు వాడే కీని, మీరు ఉదయం దాని పాస్‌ఫ్రేజ్ (కీని కాపాడే రహస్య వాక్యం) టైపు చేశాక, తెరిచి ఉంచే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ దానికి కనిపించదు. పాస్‌ఫ్రేజ్ ఉన్న కీతో మీ చేతి పరీక్ష నెగ్గడానికీ, అదే కీతో రాత్రి పరుగు ఓడిపోవడానికీ ఈ ఏజెంట్ ఒక్కటే తేడా కావచ్చు.

కాబట్టి పరీక్షను క్రాన్ పరిసరంలోనే చేయండి. క్రాన్ ఏ యూజర్ పేరుతో స్క్రిప్ట్‌ను నడుపుతోందో ముందు నిర్ధారించుకోండి, ఆ యూజర్‌గా మారండి, ఎన్వ్ కమాండ్‌కు ఐ ఆప్షన్ ఇచ్చి ఉన్న వేరియబుల్స్ అన్నిటినీ తీసివేసి, హోమ్‌నూ పాత్‌నూ మాత్రం క్రాన్ ఇచ్చినట్టుగానే ఇచ్చి స్క్రిప్ట్‌ను నడపండి. క్రాన్ ఏమి ఇస్తోందో తెలియకపోతే, ఒక నిమిషం తరువాత నడిచేలా ఒక తాత్కాలిక పని పెట్టి దాని వేరియబుల్స్‌ను ఒక ఫైలులోకి రాయించుకోండి. ఈ పరీక్షలో లోపం మళ్ళీ కనిపిస్తే మీ అదృష్టం బాగున్నట్టే, ఎందుకంటే ఇక రాత్రి వరకు వేచి చూడనక్కరలేదు.

క్రాన్ నడపవలసిన పనుల జాబితా అయిన క్రాన్‌ట్యాబ్‌లో శాతం గుర్తు (%) విషయం విడిగా చెప్పవలసినది. ఫైలు పేరులో తేదీ చేర్చడానికి క్రాన్‌ట్యాబ్ వరుసలోనే డేట్ కమాండ్ రాస్తే, అందులోని శాతం గుర్తును క్రాన్ కొత్త వరుసగా భావించి కమాండ్‌ను అక్కడే తెంచివేస్తుంది, మిగిలిన భాగాన్ని ఆ కమాండ్‌కు ఇన్‌పుట్‌గా పంపుతుంది. దీని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేదా ఆ తర్కాన్నంతా స్క్రిప్ట్ ఫైలులోకి మార్చి క్రాన్‌ట్యాబ్‌లో స్క్రిప్ట్ పేరు మాత్రమే ఉంచాలి. నేను ఈ ఒక్క గుర్తు కోసం ఒక పూట మొత్తం ఫైర్‌వాల్ నియమాలను తవ్విన రోజు ఉంది. అప్పటి నుంచి రెండవ పద్ధతినే పాటిస్తున్నాను.

స్క్రిప్ట్ కోసం పాస్‌ఫ్రేజ్ లేని ప్రత్యేకమైన కీని తయారుచేసి, అవతలి సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో (లాగిన్‌కు అనుమతించిన కీల జాబితాలో) ఆ కీ పరిధిని కుదించడం సరైన మార్గం. రెస్ట్రిక్ట్ అనే మాటను ఆ కీ ముందు చేర్చి, దానితో ఒకే ఒక కమాండ్ నడిచేలా కట్టడి చేస్తే, కీ పొరపాటున బయటికి పోయినా నష్టం పరిమితంగా ఉంటుంది. స్క్రిప్ట్‌లోని ప్రతి ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కూ బ్యాచ్‌మోడ్ ఎంపికను ఆన్ చేయండి, అప్పుడు అది పాస్‌వర్డ్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఓటమిని ఒప్పుకుంటుంది. రాత్రంతా జవాబు రాని ప్రశ్న ముందు వేలాడుతూ ఉండే స్క్రిప్ట్ కంటే రెండు సెకన్లలో ఓడిపోయే స్క్రిప్ట్ మేలు.

మూడవ అడుగు: పేరు, పోర్టు

ఇప్పుడు నెట్‌వర్క్ దగ్గరికి వెళ్ళవచ్చు. బ్యాకప్ నడిచే యంత్రం మీద నుంచే గెట్‌ఎంట్ కమాండ్‌తో సర్వర్ పేరును అడిగి, వచ్చిన చిరునామా మీరు అనుకుంటున్నదేనా అని చూడండి. ఐపీవీ6 (కొత్త తరహా) చిరునామా కూడా వస్తూ, ఆ దారి నిజానికి మూసుకొని ఉంటే, స్క్రిప్ట్ ముందుగా దానినే ప్రయత్నించి గడువు దాటేవరకు అక్కడే ఆగిపోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌కు గానీ కర్ల్‌కు గానీ 4 అనే ఆప్షన్ ఇచ్చి పాత తరహా ఐపీవీ4ను మాత్రమే వాడమంటే తేడా వెంటనే కనిపిస్తుంది.

తరువాత ఎన్‌సీ కమాండ్‌తో పోర్టును తట్టి చూడండి: ఎస్‌ఎస్‌హెచ్‌కూ దాని మీద నడిచే ఎస్‌ఎఫ్‌టీపీకీ మామూలుగా 22, ఫైళ్ళ బదిలీకి వాడే పాత పద్ధతి అయిన సాదా ఎఫ్‌టీపీకి 21, మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్‌తో మొదలయ్యే ఎఫ్‌టీపీఎస్‌కు 990. వచ్చే జవాబులో మాటల తేడాను పట్టించుకోండి. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే తలుపు దాకా వెళ్ళాం, లోపల వినేవాళ్ళు లేరని ఎవరో చెప్పారు, అంటే యంత్రం బతికే ఉంది కానీ ఆ పోర్టు మీద సర్వీసు నడవడం లేదు, లేదా ఫైర్‌వాల్ కావాలనే తిప్పికొట్టింది. "టైమ్డ్ అవుట్" అంటే ఎంత తట్టినా పలుకు లేదు. ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటా ముక్కలను) నిశ్శబ్దంగా పారవేసే ఫైర్‌వాల్, ఆగిపోయిన యంత్రం, తప్పు చిరునామా, ఈ మూడింటిలో ఒకటి.

పగలు తెరిచే ఉండి రాత్రి ఆ సమయానికి మాత్రమే మూసుకుంటోందన్న అనుమానం ఉంటే, బ్యాకప్‌కు అరగంట ముందు నుంచి అరగంట తరువాతి వరకు నిమిషానికి ఒకసారి పోర్టును తట్టి ఫలితాన్ని రాసే చిన్న పనిని క్రాన్‌లో పెట్టండి. తరచు జరిగేది మరొకటి ఉంది: ఎన్నో యంత్రాల బ్యాకప్‌లు ఒకే సర్వర్‌కు సరిగ్గా రాత్రి 2 గంటలకు మొదలవుతాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, ఇంకా లాగిన్ పూర్తికాని కనెక్షన్లు పది దాటితే కొత్తవాటిలో కొన్నిటిని యాదృచ్ఛికంగా తెంచడం మొదలుపెడుతుంది, ఆ సంఖ్య వందకు చేరితే అన్నిటినీ తిరస్కరిస్తుంది. మాక్స్‌స్టార్టప్స్ అనే సెట్టింగు సహజ విలువ ఇదే. ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క యంత్రం విఫలమవుతూ, కారణం అంతుపట్టకపోతే, బ్యాకప్ సమయాలను కొన్ని నిమిషాల తేడాతో చెదరగొట్టి చూడండి.

నాలుగవ అడుగు: ఎన్‌క్రిప్షన్, లాగిన్

పోర్టు పలికినా లోపలికి రానివ్వకపోతే ఎస్‌ఎస్‌హెచ్‌కు వి అనే ఆప్షన్‌ను మూడుసార్లు ఇచ్చి నడపండి. వచ్చే పాఠమంతా అర్థం కానక్కరలేదు, చివరి పదిహేను వరుసలు చాలు. "హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని ఉంటే, స్క్రిప్ట్‌ను నడిపే యూజర్ నోన్ హోస్ట్స్ ఫైలులో (గుర్తించిన సర్వర్ల కీల జాబితాలో) ఆ సర్వర్ కీ లేదు, లేదా మారిపోయింది. మీ సొంత ఖాతాలో ఎప్పుడో "యస్" అని ఒప్పుకున్నది యంత్రం మీద సర్వాధికారాలున్న రూట్ యూజర్‌కు వర్తించదు. ఆ కీ వేలిముద్రను (కీని గుర్తుపట్టే చిన్న కోడ్‌ను) సర్వర్ నిర్వాహకుల నుంచి వేరే మార్గంలో తెలుసుకొని సరిపోల్చాకే చేర్చండి. తనిఖీని పూర్తిగా ఆపివేయమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే వినకండి, కర్ల్‌కు సర్టిఫికెట్‌ను పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ విషయంలోనూ ఇదే మాట. మీ సంస్థ సమాచారమంతా మూటకట్టి ఎవరి చేతికిస్తున్నారో చూసుకోవద్దని చెప్పడమే అది.

"పర్మిషన్ డినైడ్" వస్తే ముందు కీ ఫైలు అనుమతులు చూడండి: ప్రైవేటు కీ 600, దానిని ఉంచే ఫోల్డర్ 700గా ఉండాలి, అంటే యజమానికి తప్ప ఎవరికీ అనుమతి ఉండకూడదు. అవతలి సర్వర్‌లో హోమ్ ఫోల్డర్‌కు ఇతరులు రాయగలిగే అనుమతి ఉన్నా సర్వర్ మీ కీని లెక్కలోకి తీసుకోదు, పైగా ఆ కారణాన్ని మీకు చెప్పకుండా తన సొంత లాగ్‌లో మాత్రమే రాసుకుంటుంది. "టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్" అంటే మీ వైపు నుంచి వరుసగా అనేక కీలను చూపించడంలోనే ప్రయత్నాలు అయిపోయాయని అర్థం; సహజ పరిమితి 6. ఐడెంటిటీస్‌ఓన్లీ ఎంపికను ఆన్ చేసి ఒక్క కీ పేరునే ఇస్తే సరిపోతుంది. ఏదీ మార్చకుండానే ఒక అప్‌డేట్ తరువాత లాగిన్ ఆగిపోయిందా? 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి, ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతితో ఆర్‌ఎస్‌ఏ రకం కీలు చేసే సంతకాలను అప్రమేయంగా నిలిపివేశారు. పాత పరికరాలతో మాట్లాడే స్క్రిప్ట్‌లకు దీనివల్ల దెబ్బ తగులుతుంది. ఈడీ25519 రకం కీకి మారడం, లేదా పాత వైపు సాఫ్ట్‌వేర్‌ను నవీకరించడం శాశ్వత పరిష్కారాలు.

లాగిన్ విజయవంతమయ్యాక ఆర్‌సింక్ "ఈజ్ యువర్ షెల్ క్లీన్" అని అడిగితే అది నిజంగానే మంచి ప్రశ్న. అవతలి ఖాతా బ్యాష్ ప్రారంభ ఫైలులో ఎవరో స్వాగత వాక్యం రాయించి ఉంటారు, ఆ వాక్యం ఆర్‌సింక్ సంభాషణలో కలిసి దాన్ని చెడగొడుతుంది. మనిషి కూర్చున్న టెర్మినల్‌లో మాత్రమే ఆ వాక్యం కనిపించేలా షరతు పెట్టించండి.

ఐదవ అడుగు: ఎఫ్‌టీపీ అయితే రెండవ కనెక్షన్‌ను చూడండి

ఎఫ్‌టీపీ వాడేవారికి ఎదురయ్యే వింత ఏమిటంటే, లాగిన్ అవుతుంది, ఫోల్డర్ మారుతుంది, కానీ ఫైళ్ళ జాబితా అడగగానే అంతా బిగుసుకుపోతుంది. 1985లో ఆర్‌ఎఫ్‌సీ 959 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా స్థిరపడిన ఈ ప్రోటోకాల్ ఆదేశాలకు ఒక కనెక్షన్‌నూ, డేటాకు మరొక కనెక్షన్‌నూ వాడుతుంది, మనం తెరిచామనుకున్న 21వ పోర్టు మొదటిదానికి మాత్రమే. యాక్టివ్ పద్ధతిలో డేటా కనెక్షన్‌ను సర్వర్ మీ యంత్రానికి తెరవడానికి ప్రయత్నిస్తుంది, మీ ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుంది. ప్యాసివ్ పద్ధతిలో మీరే రెండవసారి సర్వర్‌కు వెళతారు, కాబట్టి స్క్రిప్ట్‌లో ప్యాసివ్‌నే వాడండి.

ప్యాసివ్‌లో కూడా ఆగిపోతుంటే లాగ్‌లో 227తో మొదలయ్యే జవాబును వెతకండి. అందులో కామాలతో వేరుచేసిన ఆరు అంకెలుంటాయి: మొదటి నాలుగు ఐపీ చిరునామా, చివరి రెండు పోర్టు. ఐదవ అంకెను 256తో హెచ్చించి ఆరవ అంకెను కలపాలి. ఉదాహరణకు చివర 195, 80 ఉంటే పోర్టు 50000 అవుతుంది. ఆ పోర్టును ఎన్‌సీతో తట్టి చూస్తే లాభం లేదు, అది ఆ ఒక్క బదిలీ కోసమే తెరుచుకుంటుంది. దానికి బదులు, సర్వర్‌లో ప్యాసివ్ పోర్టుల శ్రేణిని నిర్ణయించి, అదే శ్రేణిని ఫైర్‌వాల్‌లో తెరిచారా అని నిర్వాహకులను అడగండి. చిరునామా భాగంలో 10 లేదా 192.168తో మొదలయ్యే లోపలి చిరునామా కనిపించి, మీరు బయటి నెట్‌వర్క్ నుంచి వస్తున్నవారైతే, సర్వర్‌కు తన బయటి చిరునామా తెలియదన్నమాట. అది అక్కడ సరిచేయవలసిన విషయం. ఎఫ్‌టీపీఎస్‌లో ఆదేశాలు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి కాబట్టి మధ్యలోని ఫైర్‌వాల్ ఈ 227 జవాబును చదివి తనంతట తాను పోర్టు తెరవలేదు, అందుకే సాదా ఎఫ్‌టీపీ పనిచేసిన చోట ఎఫ్‌టీపీఎస్ ఆగిపోవడం తరచు చూస్తాం.

మిగిలిన కోడ్‌లు సులభమే. 530 లాగిన్ కుదరలేదని, 425 డేటా కనెక్షన్ తెరుచుకోలేదని, 426 మధ్యలో తెగిందని, 550 ఆ ఫైలు గానీ ఫోల్డర్ గానీ అందుబాటులో లేదని, 552 కేటాయించిన చోటు దాటిపోయిందని చెబుతాయి. బదిలీ ముగిసిందనడానికి 226 రావాలి, అది రాకపోతే ఫైలు అక్కడ కనిపించినా నమ్మకండి. ఎంపిక మీ చేతిలో ఉంటే మాత్రం ఒకే కనెక్షన్‌తో పని ముగించే ఎస్‌ఎఫ్‌టీపీకి మారిపోండి, ఈ అడుగంతా మీకు అక్కరలేకుండా పోతుంది.

ఆరవ అడుగు: మధ్యలో తెగుతున్న కనెక్షన్

బదిలీ మొదలై కొంతసేపటికి ఆగిపోతుంటే మూడు నాలుగు రాత్రుల లాగ్‌లను పక్కపక్కన పెట్టి ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఒకే పరిమాణం దగ్గర ఆగుతోందా, ఒకే వ్యవధి తరువాత ఆగుతోందా? పరిమాణం దగ్గరైతే అవతలి డిస్క్‌లో చోటు, ఖాతా కోటా చూడండి. చోటు ఉన్నా ఐనోడ్‌లు (ఒక్కొక్క ఫైలుకు డిస్క్ మీద ఉండే నమోదులు) అయిపోయి ఉండవచ్చు కాబట్టి డీఎఫ్ కమాండ్‌ను ఐ ఆప్షన్‌తో కూడా నడపండి. వ్యవధి దగ్గరైతే, మౌనంగా ఉన్న కనెక్షన్‌ను మధ్యలోని రూటరో ఫైర్‌వాలో మరచిపోతోందని అనుమానించండి. ఎస్‌ఎస్‌హెచ్ ముందుగా తెరుచుకొని, డేటాబేస్ డంప్ (డేటాబేస్‌లోని సమాచారాన్ని ఫైలుగా రాసే పని) మొదటి బైటు ఇవ్వడానికి చాలాసేపు పడుతున్నప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. సర్వర్‌ఎలైవ్‌ఇంటర్వల్‌ను 15 సెకన్లకు పెడితే అంతసేపూ అవతలి నుంచి ఏమీ రానప్పుడల్లా ఒక చిన్న పలకరింపు వెళుతుంది, సహజంగా మూడు పలకరింపులకు జవాబు రాకపోతే ఎస్‌ఎస్‌హెచ్ తానే ముగించుకుంటుంది. ఇంకా మంచి మార్గం, డంప్‌ను ముందు స్థానిక డిస్క్ మీద పూర్తిచేసుకొని ఆ తరువాతే కనెక్షన్ తెరవడం.

చిన్న ఫైళ్ళు వెళ్ళి పెద్దవి మొదట్లోనే బిగుసుకుపోతే, ముఖ్యంగా వీపీఎన్ మీదుగా వెళుతుంటే, ప్యాకెట్ పరిమాణాన్ని పరీక్షించండి. ముక్కలు చేయవద్దని చెబుతూ 1472 బైట్లతో పింగ్ పంపితే, ప్యాకెట్ శీర్షికలకు (హెడర్లకు) అవసరమైన 28 బైట్లతో కలిపి 1500 అవుతుంది. అది వెళ్ళక, 1400తో వెళితే ఎంటీయూను (ఒక ప్యాకెట్‌కు అనుమతించే గరిష్ఠ పరిమాణాన్ని) తగ్గించాలి.

చివరిగా: మళ్ళీ ప్రయత్నించడం, సరిచూడడం

కారణం దొరికి సరిచేశాక స్క్రిప్ట్‌కు రెండు మూడు అలవాట్లు నేర్పండి. గడువు దాటడం, కనెక్షన్ తెగడం వంటివాటికి మాత్రమే మళ్ళీ ప్రయత్నించాలి, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామం పెరుగుతూ పోవాలి, ఉదాహరణకు 15, 60, 240 సెకన్లు. లాగిన్ తిరస్కరణకు మళ్ళీ ప్రయత్నించకూడదు. ఫెయిల్2బ్యాన్ వంటి రక్షణ ఉన్న సర్వర్ వరుస వైఫల్యాలను దాడిగా భావించి మీ చిరునామానే అడ్డుకుంటుంది, అప్పుడు లాగిన్ లోపం కాస్తా టైమౌట్‌గా రూపం మార్చుకొని మిమ్మల్ని మూడవ అడుగుకు తీసుకుపోతుంది. నిన్నటి పరుగు ఇంకా ముగియకముందే నేటిది మొదలుకాకుండా ఎఫ్‌లాక్ పెట్టండి. ఫైలును తాత్కాలిక పేరుతో పంపి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చండి, రెండు వైపులా ఎస్‌హెచ్‌ఏ-256 విలువను (ఫైలులోని డేటా నుంచి లెక్కించే వేలిముద్రను) తీసి సరిపోల్చండి.

ఆ తరువాత ఒకసారి కావాలనే చెడగొట్టండి. స్క్రిప్ట్‌లో పోర్టు సంఖ్యను తప్పుగా మార్చి క్రాన్ ద్వారానే నడిపించి, లాగ్‌లో సమయం, ఎగ్జిట్ కోడ్, ఎర్రర్ వాక్యం మూడూ పడ్డాయా, హెచ్చరిక సందేశం మీకు చేరిందా చూడండి. పోర్టును తిరిగి సరిచేసి, క్రాన్‌ట్యాబ్‌లో మీరు పెట్టిన తాత్కాలిక పరీక్ష పనులను తొలగించి, ఆ రాత్రి వచ్చిన బ్యాకప్ నుంచి ఒక ఫైలును వేరే ఫోల్డర్‌లోకి తెరిచి చదవండి.